బానెట్ మీద మాస్టారు

"నర్సీపట్నం నుంచి సముద్రం ఎంత దూరం?"

బస్సు బయల్దేరాక మా మాస్టారు మైకులో అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఒకరు గంటన్నర అనేవారు. ఒకరు అడ్డరోడ్డు దాటితే ఎంతసేపులే అనేవారు. వెనక సీట్లోంచి ఏ ముసలమ్మో "పుట్టి బుద్ధెరిగి చూణ్ణేదు బాబూ" అనేది. ఆయన అందరి మాటా విని, "దూరం సంగతి సాయంత్రం చెప్పుకుందాం, ముందు కిటికీ అద్దాలు తెరవండి" అనేవారు.

ఆ మోడు ఇంకాస్త లోపలికి తొయ్యండర్రా, పొగంతా మీ మామ్మ మీదికే పోతోంది. లంబసింగి గాలి ఘాటీ దిగిందంటే మన ఊళ్ళో రాత్రి ఇలగే ఉంటాది. దగ్గరికి జరగండి, చెప్తాను.

అది వీడియో కోచ్‌ల కాలం. ఎనభైల ఆఖరు. డ్రైవరు నెత్తి మీద పెట్టెలో టీవీ, తెర మీద సినిమా, కిటికీలకి కర్టెన్లు. జనం బస్సెక్కి ఊళ్ళు దాటేవారు గానీ ఏ ఊరూ చూసేవారు కాదు. మా ఓనరు దగ్గర అలాంటి బండి ఒకటుండేది, దాని స్టీరింగు నాది. పెళ్ళిళ్ళు, అన్నవరం, సింహాచలం, ఇవీ కిరాయిలు. పెళ్ళిళ్ళు లేని మూఢం రోజుల్లో బండి షెడ్డులో ఉండిపోయేది. అప్పుడు ఈ మాస్టారు వచ్చారు. సోషలు చెప్పి రిటైరైన మనిషి. "ఖాళీగా ఉన్న రోజుల్లో నాకియ్యి, మనవాళ్ళకి మన తీరం చూపిస్తాను, మాట్లాడే పని నాది" అన్నారు. ఒక్కటే షరతు పెట్టారు. బస్సులో సినిమా వెయ్యకూడదు. ఓనరు తల గోక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

ఇంజను బానెట్ మీద దుప్పటి నాలుగు మడతలు వేసుకుని, జనం వైపు తిరిగి కూర్చునేవారు ఆయన. ఇంజను వేడికి దుప్పటి కాలిపోతున్నా లేచేవారు కాదు. నేను రోడ్డు చూసేవాణ్ణి, చెవులు మాత్రం ఆయనకే ఇచ్చేవాణ్ణి. నాకు ఇవాళ తెలిసిన చరిత్రంతా వీపు వెనక విన్నదే.

తెల్లారకుండా నాలుగ్గంటలకి బస్సు బయల్దేరేది. సముద్రానికని ఎక్కినవాళ్ళని ఆయన ముందు సముద్రానికి తీసుకెళ్ళేవారు కాదు. మన ఊళ్ళోనే ఆపించేవారు. ఇద్దరు తెల్ల ఆఫీసర్ల సమాధులున్నాయి కదా, కవర్డు, హైటరు అని, అక్కడ. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో సగం మంది వాటిని ఎన్నడూ దగ్గరికెళ్ళి చూసినవాళ్ళు కారు. చీకట్లో టార్చిలైటు వేసి చూపించేవారు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో సీతారామరాజు మనుషులు మాటు వేసి కాల్చేస్తే చనిపోయినవాళ్ళు వీళ్ళు. అంతకి నెలరోజుల ముందే, ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు, 26 తుపాకులు. ఏమేం పట్టుకెళ్ళాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ పట్టుకెళ్ళాడు రాజు.

పిల్లలు తుపాకుల కథ ఇంకా చెప్పమనేవారు. మాస్టారు మాత్రం రోడ్డు కథలోకి తిప్పేవారు. "ఈ పోరాటం తుపాకీతో మొదలవలేదమ్మా, గునపంతో మొదలైంది" అనేవారు. 1882లో అడవి చట్టం వచ్చింది. కొండ మీద పోడు కొట్టుకుని బతికేవాళ్ళకి అడవి కాస్తా సర్కారుదైపోయింది. ఆ పైన నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాటీ రోడ్డు వెయ్యాలన్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళని పనికి తోలేవాడు, కూలి మాత్రం సరిగా దక్కనిచ్చేవాడు కాదు. ఇవాళ మనం లంబసింగికి మంచు చూడ్డానికి కార్లేసుకుని ఎక్కుతున్న దారికి మొదటి గునపం దెబ్బ వేసింది వాళ్ళు. నేను ఆ ఘాటీలో బండి నడిపేటప్పుడు ఇప్పటికీ ఆ మాటే మనసులో మెదుల్తాది. మలుపు దగ్గర కొండ చెక్కిన జాడ చూస్తే ఎవడి చేతుల బొబ్బలో అనిపిస్తాది.

ఆ రెండేళ్ళూ మన నర్సీపట్నమే పోలీసు బలగాలకి మకాం. మలబారు పోలీసులు ఇక్కడే దిగారు, తరవాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. రైలు మన ఊరికి రాదు కదా, ఎక్కడో దూరంగా నర్సీపట్నం రోడ్డు అని స్టేషనుంది. సముద్రం వెంబడి నడిచే ఆ మద్రాసు–కలకత్తా లైను మీద బలగాలొచ్చేవి, అక్కడ్నుంచి మన ఊరు, మన ఊరి నుంచి ఘాటీ. "కింద తీరం లేకపోతే పైన యుద్ధం లేదు" అని మాస్టారు సమాధుల దగ్గర చెప్పి టార్చి ఆర్పేసేవారు. అప్పుడు బస్సు తాళ్లపాలెం రోడ్డెక్కేది.

మాకవరపాలెం దాటేసరికి తూర్పు తెల్లబడేది. చెరకు నరికే రోజులైతే రోడ్డంతా ఎడ్లబళ్ళే. హారన్ కొట్టినా పక్కకి జరగవు, జరగడానికి చోటుండదు. ఫస్టు గేరులో వాటి వెనకే పాకుతూ వెళ్ళాలి. బస్సులో వాళ్ళు చెయ్యి చాపి చెరకు గడ లాక్కునేవారు. పొలాల్లో బెల్లం పొయ్యిలు మండుతుండేవి, పెనంలో రసం పొంగే వాసన బస్సులో చొరబడేది. ఆ వాసనతోనే అనకాపల్లి వచ్చిందని తెలిసేది.

అనకాపల్లి పక్కన శంకరం. బొజ్జన్నకొండ. ఇక్కడ ఆయన చాలాసేపు ఉంచేవారు, నేనూ బండి నీడలో పెట్టి వెంటెక్కేవాణ్ణి. మెట్లెక్కితే రాతిలో తొలిచిన గుహలు, గుమ్మం పైన కూర్చున్న బుద్ధుడు, లోపల కొండరాయిలోనే చెక్కిన స్తూపం. రాళ్ళు తెచ్చి కట్టింది కాదు. కొండలో అక్కర్లేనిదంతా తీసేస్తే మిగిలింది స్తూపం. దాని చుట్టూ తిరగడానికి సందు కూడా రాతిలో వదిలిపెట్టే చెక్కారు. చెయ్యి ఆనిస్తే ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది, ఉలి గాట్లు వేళ్ళకి తగిలేవి. పక్కనే లింగాలకొండ, వరసలు వరసలుగా చిన్నా పెద్దా స్తూపాలు, ఒక్కొక్కటీ కొండతోనే అతికి ఉంటాది. 1906లో అలెగ్జాండర్ రే అనే ఆయన ఇక్కడ తవ్వించడం మొదలుపెట్టాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. ఎక్కడి పాటలీపుత్రం, ఎక్కడి మన శంకరం!

ఒకటి చెప్తే మీరు నమ్మరు. కనుమ పండక్కి చుట్టుపక్కల జనం ఇక్కడికి తీర్థానికొచ్చి, బొజ్జ ఉన్న ఒక విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్ళతో కొట్టేవారు. ఏళ్ళ తరబడి నడిచిన ఆచారం. ఓసారి మా బస్సులో ఉన్న పెద్దాయన ఒకడు "మేవూ కొట్టాం, మా తాతా కొట్టాడు" అన్నాడు. మాస్టారు కోప్పడలేదు. ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని గుహలోకి తీసుకెళ్ళి, బుద్ధుడి ముందు కూర్చోబెట్టి, ఈ కొండ మీద వానాకాలం మూడు నెలలూ కదలకుండా ఉండి చదువుకున్న భిక్షువుల గురించి, వాళ్ళకి ఊరివాళ్ళు వేసిన అన్నం గురించి చెప్పారు. "ఆ అన్నం వేసింది కూడా మీ తాతల తాతలే కదా" అన్నారు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. దిగేటప్పుడు కండువా భుజం మీంచి చేతిలోకి తీసుకున్నాడు. ఆ తరవాత పట్టించుకునేవాళ్ళు పట్టించుకుని, చెప్పేవాళ్ళు చెప్పి, ఆ రాళ్ళ దెబ్బలు ఆపించారు. నాకు చాలా సంతోషమేసింది.

గాజువాక దారిలో ఉక్కు ఫ్యాక్టరీ. అక్కడ బస్సు ఆపేవారు కాదు, స్పీడు తగ్గించమనేవారు. 1966లో ఈ ఫ్యాక్టరీ కోసం రాష్ట్రమంతా లేచింది, కాల్పుల్లో 32 మంది పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. భూములిచ్చిన ఊళ్ళ పేర్లు మాస్టారు గుర్తున్నంత వరకూ చదివేవారు. ఊరు పోయినా పేరు పలకాలి అనేది ఆయన పట్టు.

ఇంక విశాఖపట్నం. అందరూ బీచి బీచి అని గోల పెడితే, ఆయన హార్బరు వైపు తిప్పించేవారు. డాల్ఫిన్స్ నోస్ అంటారే, ఆ యారాడ కొండ, సముద్రంలోకి ముక్కు పొడుచుకుని ఉంటాది. ఆ ముక్కే ఈ రేవుకి కాపలా. దక్షిణం నుంచి వచ్చే అలల పొగరు అది విరుస్తాది. అయినా రేవు నోట్లో ఇసక మేటలు వేసేది. ఆష్ అనే ఇంజనీరు ఏం చేశాడూ, రెండు పాత ఓడల్ని తెచ్చి, రాళ్ళతో నింపి, కావాలని ముంచేశాడు, ఆ కొండ పక్కనే, అలలకి అడ్డంగా. ఓడలు తేలడానికని రెండు ఓడల్ని ముంచారన్నమాట. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఈ రేవులోకి మొదటగా వచ్చింది. ఆ లోపలే ఓడలు కట్టే యార్డు. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జలఉష అనే ఓడని నీళ్ళలోకి వదిలారు. దేశానికి స్వతంత్రం వచ్చి ఏడాది కూడా కాలేదు అప్పటికి.

మధ్యలో 1942 ఉంది. ఏప్రిల్ 6న జపాను విమానాలొచ్చి విశాఖ మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. రేవు ఉంది కాబట్టే బాంబులు పడ్డాయి. పట్నం జనం మూటా ముల్లె సర్దుకుని, బళ్ళు కట్టుకుని, లోపలి ఊళ్ళకి పోయారు. మా నాన్న చెప్పేవాడు, ఆ రోజుల్లో కొత్త మొహాలు అరుగుల మీద పడుకునేవని. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడల్లా బస్సులో ఏదో ఒక సీటు లోంచి "మా ఇంట్లో కూడా ఉన్నారండి" అని మాట వచ్చేది. ఆయనకి అదే కావాలి. జనం చేతనే చెప్పించేవారు. మైకు వాళ్ళ చేతికిచ్చేసేవారు. సిగ్గుపడి మాట పెగలని ఆడవాళ్ళు కూడా మైకు పుచ్చుకున్నాక వదిలేవారు కారు.

మధ్యాహ్నం భోజనాలు, పులిహోర పొట్లాలు, రామకృష్ణా బీచిలో గంట. ఆ గంటా పిల్లలదే, చరిత్ర లేదు.

భీమిలి దారి అంటే అప్పటికి ఇంత వెడల్పు లేదు. ఎదురుగా లారీ వస్తే చక్రం మట్టిలోకి దించాలి. ఒక పక్క కొండలు, ఒక పక్క నీళ్ళు, మధ్యలో తాటిచెట్లు. నా ఉద్యోగంలో నాకిష్టమైన రోడ్డు అదొక్కటే. మధ్యలో తొట్లకొండ. 1976లో నేవీవాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీద పాత కట్టడాల జాడ తెలిసింది. మేం తిరిగే రోజుల్లోనే, 1988 నుంచి, పురావస్తు శాఖవాళ్ళు తవ్వుతున్నారు. అప్పటికి బస్సు పైకి వెళ్ళే దారి లేదు, నడిచే ఎక్కాలి. పైకెళ్తే తట్టలు, పారలు, తాళ్ళు కట్టి గళ్ళు గీసిన నేల. మట్టి జల్లెడ పడుతున్న ఆడకూలీలు. ఎర్రటి ఇటికలు ఒక్కొక్కటీ మన ఇప్పటి ఇటిక కన్నా ఎంతో పెద్దవి. స్తూపం పునాది గుండ్రంగా తేలుతోంది. చిన్న చిన్న గదుల వరసలు, గదికొక మనిషి. కొండరాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, వాన నీళ్ళు పట్టి ఏడాదంతా తాగేవారు.

అక్కడ రోమనుల వెండి నాణేలు దొరికాయి. రెండువేల ఏళ్ళ కిందట రోము నుంచి సరుకు కొనడానికొచ్చిన వాళ్ళ డబ్బు, ఆ గాలికొండ మీద. మాస్టారు అందర్నీ అంచు మీద నిలబెట్టి సముద్రం చూపించేవారు. "ఇక్కడ కూర్చుంటే రేవులోకి వచ్చే ఓడ కనపడతాది. ఓడలోంచి చూసేవాడికి ఈ కొండ మీద దీపం కనపడతాది. భిక్షువులు లోకం వదిలి కొండెక్కారనుకోకండి, లోకం దారి మీదే కూర్చున్నారు." నేనీ మాట మర్చిపోలేదు. ఎందుకు మర్చిపోలేదో తరవాత చెప్తాను.

పెందుర్తిలో నా మేనల్లుడున్నాడు చూడు, వాడు ఇప్పుడు అక్కడికి బైకు మీద పైదాకా వెళ్ళిపోతాడు. బాగుంది. కానీ కొండ చుట్టూ అంగుళం అంగుళం కట్టుకుంటూ పోతే, ఆ పైన నిలబడి చూడ్డానికి ఏం మిగుల్తాది? నాకు గుండె చెరువవుతాది ఆ మాట తలచుకుంటే.

ఎర్రమట్టి దిబ్బల సంగతీ అంతే. భీమిలి ఇంకాస్త దూరం ఉందనగా జీడితోటల మధ్య నుంచి లోపలికి దిగాలి. దిగితే ఇంకో లోకం. మనిషికి రెండింతలు, మూడింతల ఎత్తున ఎర్రటి గోడలు, మధ్యలో వంకలు, నీరు కోసిన సందులు. ఒక సందులో వెళ్తే ఇంకో సందు, పిల్లలు తప్పిపోతారని నేను చివర నిలబడి ఈల వేసేవాణ్ణి. ఇసక గుప్పెట్లో పడితే మెత్తగా జారిపోయేది, గోడ మాత్రం గట్టిగా నిలబడి ఉంటాది. మాస్టారు చెప్పినదేంటంటే, వేల ఏళ్ళ కిందట లోకమంతా చలి కమ్మినప్పుడు సముద్రం వెనక్కి వెళ్ళిపోయింది. బయటపడ్డ ఇసకని గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. ఇలాంటివి తమిళనాడులోనూ, సింహళంలోనూ తప్ప దగ్గర్లో ఇంకెక్కడా లేవట. సినిమావాళ్ళు పాటలు తీసుకుని వెళ్ళిపోయారు గానీ, అది పాటకన్నా పెద్ద సంగతి. సముద్రం తన పాత గట్టు ఎక్కడుండేదో రాసి వదిలిపెట్టిన చోటు అది. దాన్ని తవ్వి చదును చేసి ప్లాట్లు వెయ్యడానికి చేతులెలా వస్తాయో! జాతీయ భూవారసత్వ స్థలమని బోర్డు పెట్టారు. బోర్డు పెడితే చాలదు, కాపలా ఉండాలి.

రాత్రికి భీమిలి. ఎవరిదో పాత ఇంట్లో, వరండాల్లో చాపలేసుకుని పడుకునేవాళ్ళం. పొద్దున్నే గడియారస్తంభం, లైటుహౌసు, డచ్చివాళ్ళ సమాధులు. పైకి కోసుగా లేచిన సమాధులు, మీద అర్థం కాని అక్షరాలు, కొట్టొచ్చినట్టు కనపడే చిన్న వయసులు. ఎక్కడో హాలండు నుంచి బట్టల బేరానికొచ్చి జ్వరాలతో పోయినవాళ్ళు. 1825లో డచ్చివాళ్ళు ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. 1861లోనే ఈ ఊరికి మునిసిపాలిటీ వచ్చింది, దేశంలోనే పాతవాటిలో ఒకటి. ఎందుకంటే రేవు. విశాఖలో హార్బరు కట్టాక ఇక్కడ ఓడలు తగ్గిపోయాయి, ఊరు నెమ్మదించింది. మాస్టారు నర్సీపట్నంలో చూపించిన ఇద్దరు దొరల సమాధులు ఇక్కడ మళ్ళీ గుర్తు చేసేవారు. "దిగిందిక్కడ, ఎక్కిందక్కడ" అనేవారు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తాది. ఆ నది పట్టుకుని లోపలికి వెళ్తే పాండ్రంగి. 1897 జులై 4న రాజు పుట్టిన ఊరు. బస్సు అక్కడ ఆగినప్పుడు మన నర్సీపట్నంవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారు. మనకి రాజంటే కొండమనిషి. విల్లు, కాషాయం, అడవి. ఆయన సముద్రపు గాలి తగిలే ఊళ్ళో పుట్టాడని చాలామందికి అప్పటికి తట్టలేదు. నదిలో దిగి పిల్లలు కాళ్ళు కడుక్కుంటే ఆయన చెప్పేవారు: ఈ నీళ్ళు భీమిలిలో సముద్రం చేరతాయి, ఈ నీళ్ళ ఒడ్డున పుట్టినవాడు మన ఘాటీ చేరాడు.

తిరుగు దారిలో హైవే మీద అడ్డరోడ్డు దాకా వచ్చి, ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున. లక్క బొమ్మల ఊరు. అంకుడు కర్రని చట్రంలో బిగించి తిప్పుతారు. తిరిగే కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తాది. వేరే నిప్పు అక్కర్లేదు. ఆకు వేసి నొక్కితే అద్దంలా మెరుస్తాది. ఒక ముసలి పనివాడు మా ఎదురుగా బొంగరం చేసి, ఇంకా వేడిగా ఉండగానే ఒక పిల్ల చేతిలో పెట్టాడు. ఆ పిల్ల ఊరొచ్చేదాకా గుప్పిట విప్పలేదు.

పక్కనే సర్వసిద్ధి రాయవరం, గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న పుట్టింది అక్కడే. మాస్టారు ఒక్క ముక్క చెప్పేవారు: కన్యాశుల్కం మొదటిసారి అచ్చయిందీ, రాజు పుట్టిందీ ఒక్క ఏడే, 1897. ఆ ముక్క చెప్పి ఊరుకునేవారు. మేం ఎవరికి తోచింది వాళ్ళం ఆలోచించుకునేవాళ్ళం.

ఆఖరి మజిలీ రేవుపోలవరం. సముద్రం ఒడ్డునే కొండ, పైన గుడి, కింద నీళ్ళలోకి దిగిపోయిన బండలు. విశాఖలో లాగ జనం ఉండరు. జాలర్లు వల లాగుతుంటారు. బస్సు దిగినవాళ్ళు కూడా తాడు పట్టుకునేవారు, నేను కూడా. అరగంట లాగితే కవ్వళ్ళు, ఒకటో రెండో చందువలు, అదృష్టముంటే కోనాం. ఒకసారి సాయంత్రం ఒక ముసలి జాలరి తెప్ప మీద కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. మాస్టారు ఆయన పక్కన ఇసకలో కూర్చుని అడిగారు: "ఒడ్డు కనపడనంత దూరం పోతారు కదా, చేపలున్న చోటు మళ్ళీ మర్నాడు ఎలా పట్టుకుంటారు?"

ఆ ముసలాయన చేతిలో పని ఆపకుండానే చెప్పాడు. "ఒడ్డు కనపడదు గానీ కొండలు కనపడతాయి బాబూ. ఈ కొండ మీదికి ఆ కొండ వచ్చిందంటే ఒక గుర్తు. అటు పక్క ఇంకో రెండు కొండలు జత కలిస్తే ఇంకో గుర్తు. ఆ రెండు గుర్తులూ కలిసిన చోట వల దింపుతాం. మా నాన్న నాకు చెప్పాడు, నాను మా గుంటలకి చెప్పాను. ఎనకాల ఎక్కడో నీలంగా కనపడే పెద్ద కొండలున్నాయే, అవి లేకపోతే మాకు దారే లేదు."

ఆయన చెయ్యి చూపించిన వైపు మేమంతా తిరిగి చూశాం. పడమట, చాలా వెనక, నీలంగా. అవి మన కొండలేరా! గొలుగొండ, చింతపల్లి వైపువి. మనం రోజూ పొద్దున్న లేస్తే చూసేవి. తొట్లకొండ మీద మాస్టారు చెప్పిన దీపం మాట నాకప్పుడు తగిలింది. అందుకే మర్చిపోలేదన్నాను. ఆ సాయంత్రం బస్సులో ఆయన "సముద్రం ఎంత దూరం?" అని మళ్ళీ అడిగారు. ఎవరూ గంటల్లో చెప్పలేదు.

కోటవురట్ల మీదుగా రాత్రికి ఊరు చేరేవాళ్ళం. కొన్నిసార్లు మాత్రం, జనం ఒప్పుకుంటే, మర్నాడు కృష్ణదేవిపేట కూడా. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని చెట్టుకి కట్టి కాల్చేశారు. విచారణ లేదు, కోర్టు లేదు. ఇరవై ఏడేళ్ళు నిండలేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి. అక్కడ మాస్టారు మైకు తెచ్చేవారు కాదు, మామూలు గొంతుతో మాట్లాడేవారు. రాజు గురించి అందరికీ తెలుసని, ఆయనతో కలిసి పోరాడిన గాం సోదరుల గురించి చెప్పేవారు. గంటందొర ఆ జూన్‌లోనే పోరులో చనిపోయాడు. మల్లుదొరని పట్టుకుని అండమాన్ పంపారు. కొండ దిగని మనిషిని సముద్రం దాటించేశారు. ఆయన బతికి తిరిగొచ్చాడు. 1952లో స్వతంత్ర దేశంలో మొదటి ఎన్నికలొస్తే, విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి గెలిచాడు. మన్యం మనిషికి తీరం జనం కూడా ఓటేశారు. మాస్టారు ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయేది, ప్రతిసారీ.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ బండి తుక్కు కిందకి పోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక, మనం అనకాపల్లి జిల్లా అయ్యాం, భీమిలి విశాఖలో ఉండిపోయింది, చింతపల్లి, కృష్ణదేవిపేటకి పైనున్న కొయ్యూరు మాత్రం రాజు పేరు పెట్టిన జిల్లాలోకి వెళ్ళాయి. ఆఫీసు పనులకి మంచిదే అయ్యుండొచ్చు. నాకైతే ఇప్పటికీ అదంతా ఒక్క రూటే.

మీ కాలేజీవాళ్ళు టూరు వెళ్తామంటే ఈ వరసలోనే వెళ్ళండి. ముందు మన ఊళ్ళో సమాధులు, తరవాతే సముద్రం. బొజ్జన్నకొండ పొద్దున్నే ఎక్కండి, ఎండెక్కితే మెట్లు కాలతాయి. ఎర్రమట్టి దిబ్బల్లో గోడల మీదికెక్కకండి, ఒక్కో అడుగుకీ గంపెడు జారిపోతాది. రేవుపోలవరంలో ముసలి జాలరి ఎవరైనా కనపడితే కొండ గుర్తులు అడిగి, చెప్పినవి చెప్పినట్టు రాసి తెచ్చి నాకు చదివి వినిపించండి. ఇప్పటి గుంటలు ఫోన్లో చూసి వల వేస్తున్నారట, ఆ లెక్క తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. విశాఖ నుంచి భీమిలి వెళ్ళేటప్పుడు మాత్రం కుడి పక్క సీట్లు పట్టుకోండి, సముద్రం అటే వస్తాది.